సీసాలో మొలిచిన సాలంపంజా మంచులోనూ బతకాలి

హిమాలయాల్లో దాదాపు 3,000 మీటర్ల ఎత్తున ఉండే పచ్చికబయళ్లలో పెరిగే సాలంపంజా అనే ఆర్కిడ్‌ను దుంప కోసమే తవ్వుతారు. అరచేయి, వేళ్ల ఆకారంలో ఉండే ఆ దుంపను బలానికీ, గాయాలకూ మందుగా అక్కడివారు తరతరాలుగా వాడుతున్నారు. ఆకు తెంపితే మొక్క మళ్లీ చిగురిస్తుంది గానీ, దుంప పెకలించాక మిగిలేది గుంటే. కాయ పండకముందే తవ్వితే మరుతరానికి విత్తనమూ మిగలదు. ఆర్కిడ్ల అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటిస్ ఒప్పందం నియంత్రిస్తున్నా, నేపాల్ దీని సేకరణనే నిషేధించినా, ఈ మొక్కకు ముప్పు తప్పలేదు.

అందుకే విత్తనం నుంచి ప్రయోగశాలలో, గాజు సీసాల్లో మొక్కలు పెంచే పనికి మేము గట్టి మద్దతు ఇస్తున్నాం. శుద్ధి చేసిన కాయను బ్లేడుతో నిలువునా చీలిస్తే విత్తనాలు పిండిలా అంచుకు అంటుకుంటాయి. ఒక్క కాయలోనే అవి వేలల్లో ఉంటాయి. అయితే మొలకను పోషించే బీజపోషకం వాటిలో ఉండదు కనుక, సహజస్థితిలో నేలలోని శిలీంధ్రం తోడైతేనే మొలుస్తాయి. చక్కెర, లవణాలు కలిపిన అగార్ అనే జెల్లీ మీద శిలీంధ్రం లేకుండానే ఆర్కిడ్ విత్తనాలను మొలిపించవచ్చని అమెరికా వృక్షశాస్త్రవేత్త లూయిస్ క్నూడ్సన్ 1922లోనే చూపించారు. పైగా ఒకే మొక్క కణజాలం నుంచి తీసిన పిలకలన్నీ ఒకే పోలికతో ఉంటాయి. విత్తనాల నుంచి వచ్చినవి దేనికది వేరు. తెగుళ్లనూ, మారుతున్న వాతావరణాన్నీ తట్టుకోవడానికి ఈ వైవిధ్యమే ఆధారం కాబట్టి, ఒకే చోట కాకుండా అనేక బయళ్ల నుంచి కొద్దికొద్దిగా కాయలు సేకరించి, ఏ చోటి మొలకలను ఆ చోటికే చేర్చాలి.

అసలు కష్టం సీసా మూత తీశాక మొదలవుతుంది. సూక్ష్మజీవులు లేని తేమలో పెరిగిన లేతవేర్లు మట్టిలోకి రాగానే కుళ్లిపోవచ్చు, ఎండిపోనూవచ్చు. అదే జాతి వేర్లలోని శిలీంధ్రాన్ని వేరుచేసి మొలకలకు అందించడం, చలికి మెల్లగా అలవాటు చేయడం ఓపికతో కూడిన పని. పరిశోధన నిధులు మాత్రం సాధారణంగా మూడేళ్లకే ముగుస్తాయి, సాలంపంజా దుంప పెరిగి పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది.

దుంపలు తవ్వి బతికే కుటుంబాలకు నారు ఇచ్చి, సాగుచేసిన దుంపకు ధ్రువపత్రం ఇవ్వాలి. లేకపోతే తనిఖీలో పొలం దుంపకూ, దొంగ దుంపకూ తేడా తెలియదు. ఎన్ని సీసాల్లో మొలకలు వచ్చాయని కాక, నాటిన మొక్కల్లో ఎన్ని చలికాలాలు దాటి కాయ కాశాయో లెక్కచూసి, అంతవరకూ నిధులు కొనసాగించాలని కేంద్ర, హిమాలయ రాష్ట్ర ప్రభుత్వాలను కోరుతున్నాం.