సార్ట్ మైనస్ యూ గారికి ఒక విన్నపం

ఫైల్లో లైన్లను వరసపెట్టి, ఒకేలా ఉన్నవాటిలో ఒక్కటే ఉంచే యూనిక్స్ కమాండు సార్ట్ మైనస్ యూ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ మా వైపు కుశలం ఏమీ లేదండి. మధ్యాహ్నం భోజనం దగ్గర్నుంచి చీకటి పడేదాకా మీరు సర్దిన అలియాసెస్ ఫైలు (ఏ పేరుకొచ్చిన మెయిలు ఎవరెవరికి వెళ్ళాలో రాసి ఉండేది) ముందే కూర్చున్నాను. శుభ్రంగా సర్దారు, ఎ నుంచి జెడ్ దాకా వరస ఎక్కడా తప్పలేదు. మెయిళ్ళు మాత్రం అందాల్సినవాళ్ళకి అందడం లేదు.

1971లో వచ్చిన మొదటి యూనిక్స్ నుంచీ ఉన్న పెద్దవారు మీరు. ఆ ఫైలు చూసి మెయిళ్ళు పంచే ప్రోగ్రాములు, సెండ్‌మెయిల్ 1983, పోస్ట్‌ఫిక్స్ 1998, మీ ముందు పిల్లకాయలు. అయినా ఖాళీతో మొదలైన లైను పై లైనుకే చెందుతుందని ఆ పిల్లకాయలకు తెలుసు. మీకు లైనంటే లైనే. అకౌంట్స్, కోలన్, మొదటి పేరు, కామా. మిగతా పేర్లు కింద కాస్త లోపలికి జరిపి ఒక్కో లైన్లో. ఇలా ఎవరో ఓపిగ్గా రాసిపెట్టారు. రాత్రి క్రాన్‌లో, అంటే టైము ప్రకారం వాటంతటవే నడిచే పనుల జాబితాలో, మీరొచ్చారు. అక్కడ మీకు ఆస్కీ (అక్షరాలకూ గుర్తులకూ ఇచ్చిన నంబర్ల పట్టిక) వరసే వేదం: ఖాళీ 32, హాష్ (#) 35, అక్షరాలు ఆ తర్వాత. ఇంకేం, కింద ఉన్న పేర్లన్నీ వాటి లిస్టుల్ని వదిలి ఫైలు నెత్తికెక్కాయి. తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్లల్ని పోలీసు టెంటులో కూర్చోబెట్టినట్టు అన్నీ ఒకచోట, ఎవరి తాలూకో తెలీకుండా.

ప్రతి లిస్టులో మొదటి పేరు మిగిలింది కదా, అందుకని మెయిలు ఒక్కటీ బౌన్స్ కాలేదు. ఎర్రర్ వస్తే ఆరోజే దొరికేది. అకౌంట్స్‌లో మొదటి పేరు పెళ్ళి సెలవులో ఉన్నావిడది. 20వ తేదీ జీఎస్టీ రిటర్ను గురించి ఆడిటర్ రాసిన మెయిళ్ళన్నీ ఆవిడకే వెళ్ళాయి, ఆవిడ ఆటో రిప్లై ఆయనకు వెళ్ళింది. మిగతావాళ్ళకు ఏమీ రావడం లేదు. వాళ్ళు సర్వర్ని అనుమానిస్తారా? లేదు, మేనేజర్ని అనుమానించారు. "నన్ను కావాలనే లిస్టులోంచి తీసేశారట కదా" అని ఒకాయన టీ దగ్గర నన్ను నిలదీశాడు.

ఇక కామెంట్లు, హాష్‌తో మొదలుపెట్టి మనుషుల కోసం రాసుకున్న లైన్లు. నాకు ఇదే మింగుడుపడటం లేదు. "దీన్ని తీసేయొద్దు, బ్యాంకు వాళ్ళకు ఇచ్చిన అడ్రసు ఇదే" అని ఒక లైను మీద రాసి ఉండేది. ఇప్పుడా కామెంటు హాష్‌ల గుంపులో ఉంది, ఏ అడ్రసు గురించో దేవుడికెరుక. ఇంకా చాలాచోట్ల ఉత్తినే "దీన్ని తీసేయొద్దు" అని ఉండేది. అవన్నీ ఒకేలా ఉన్నాయని తమరు ఒక్కటి ఉంచి మిగతావి తీసేశారు. తీసేయొద్దు అన్నదాన్ని తీసేశావయ్యా! దేన్ని తీయకూడదో తెలీదు కాబట్టి ఇప్పుడు నేను ఏదీ తీయలేను. ఉద్యోగం మానేసి ఏళ్ళయినవాళ్ళ పేర్లు కూడా అలాగే పడి ఉంటాయి, నేను రిటైరయ్యేదాకా.

పోనీ పిలిచిన పనైనా చేశావా? సేల్స్ అనే అలియాస్ రెండు వేరే అడ్రసులతో రెండుసార్లు ఉంది. లైన్లు వేరు కాబట్టి నీకవి డూప్లికేట్లు కావు, పక్కపక్కన కూర్చోబెట్టి పోయావు. పోస్ట్‌ఫిక్స్ హెచ్చరిస్తూనే ఉంది. ఆ హెచ్చరికలు రూట్‌కు, అంటే సర్వర్ అడ్మిన్ అకౌంటుకు వెళ్తాయి, రూట్ లైన్లో మొదటి పేరు కంపెనీ వదిలి బెంగళూరు వెళ్ళినాయనది. బ్యాకప్ నుంచి పాత ఫైలు తీద్దామంటే, రోజూ రాత్రి నువ్వు ముందు, బ్యాకప్ తర్వాత. ఉన్న కాపీలన్నీ నువ్వు సర్దినవే.

నిన్ను ఈ ఫైలు మీదకు ఎందుకు వదిలారో కూడా తెలుసు. అలియాసెస్ విడిగా పిలుచుకునే ఇంక్లూడ్ ఫైళ్ళలో లైనుకో అడ్రసు ఉంటుంది, అక్కడ నీ పని నిజంగా బాగుంది. పెద్దక్షరాలతో ఒకసారి, చిన్నక్షరాలతో ఒకసారి రాసిన అడ్రసుల్ని వేరనుకున్నావు, దానికి మైనస్ ఎఫ్ అనే ఆప్షన్ ఉంది, సర్లే. ఆ పని చూసే మావాళ్ళకు నీ మీద గురి కుదిరింది. గిగాబైట్ల లాగ్ ఫైలు ఇస్తే నోరెత్తకుండా వరస పెట్టి ఇస్తావు, అది నేనెప్పుడూ కాదనలేదు.

అలియాసెస్ జోలికి మాత్రం రావద్దు. క్రాన్‌లో నీ లైను ముందు హాష్ పెట్టేశాను. పక్కన కారణం కూడా రాశాను, అదే లైన్లో.

ఇట్లు,
రేపు పొద్దున లాగ్‌లకు మళ్ళీ మిమ్మల్నే పిలవబోయేవాడు