గావా చాలంటే కప్పు ఊపాలె

వాదీ రమ్ ఎడారి ఫొటోలు పెట్టిన దగ్గర్నుంచి ఇన్‌బాక్సులో ఒకటే గోల. "జీపులో మూడు గంటల్లో అయిపోయేదానికి ఒంటె మీద పొద్దంతా ఎందుకన్నా? ఏముంది అక్కడ, ఇసుక తప్ప?" ఒక్కొక్కరికీ జవాబిచ్చే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

జోర్డాన్ దక్షిణాన, అకబా నుంచి కారులో గంట దూరం. ఇసుకలోంచి నిట్టనిలువుగా లేచిన ఎర్రరాతి కొండలు. వాటి మీద 25,000 బొమ్మలు, 20,000 రాతలు ఉన్నాయని యునెస్కో లెక్క. జీపు బ్యాచులు ఏం చేస్తాయో ఖజాలీ అనే ఇరుకు కొండసందులో కళ్లారా చూశా. దిగుతారు, ఆ గోడకే వీపు ఆనించి సెల్ఫీ దిగుతారు, ఎక్కుతారు. వేల ఏళ్ల కిందట ఎవరో చెక్కిన పాదాల బొమ్మ వీపు వెనకే ఉండిపోతుంది. వీళ్లే ఇంటికొచ్చి "ఏముంది" అంటారు.

ఒంటె సుఖమని మాత్రం నేను చెప్పను. లేచేటప్పుడు ముందు వెనక కాళ్లు లేపుతుంది, గట్టిగా పట్టుకోకపోతే దాని మెడ మీదుగా జారి కింద పడతాం. నడిచేటప్పుడు ఒక పక్క కాళ్లు రెండూ కలిపి వేస్తుంది, అందుకే ఆ ఊగుడు. జీన్స్ కుట్టు ఒరుసుకుని రెండు రోజులు కాళ్లు ఎడంగా పెట్టి నడిచా. నవ్వండి, ఫర్వాలేదు. మీరు పోతే మాత్రం వదులు పైజామా వేసుకోండి.

కానీ ఆ నడకలోనే గైడు మాకు నేల చూపించాడు. రమ్ ఊరివాడే, జలాబియా తెగ. ఒకచోట ఆగి ఇసుకలో గుర్తులు చూసి "మా తమ్ముడి ఒంటె, పొద్దున్నే పోయింది" అన్నాడు. నాకు అన్నీ ఒక్కలాగే కనిపించాయి. పెట్రా, వాదీ రమ్‌ల బెదూలకు, అంటే అరబ్బు ఎడారి సంచారులకు, తెలిసిన ఈ జాడలు పట్టడం, ఒంటెల పెంపకం, డేరాల పనితనం మానవాళి వారసత్వమని యునెస్కో 2005లోనే ప్రకటించింది. మనవాళ్లు ఆ మనిషితో పది దీనార్ల కోసం అరగంట బేరమాడారు. విమానం టికెట్టుకు నోరెత్తనివాళ్లే!

రాత్రి సంగతి అడగొద్దు. మేమున్నది మేక వెంట్రుకల డేరా. అవతలి క్యాంపులో ఏసీ పెట్టిన ప్లాస్టిక్ బుడగ గదులు, వాటికో జనరేటరు, పైగా స్పీకర్లు. చుక్కలు చూడ్డానికి డబ్బు కట్టి లైట్లేసుకుని కూర్చుంటారా? మాలో ఒకాయన కూడా తక్కువేం కాదు, "వైఫై లేదా, డీజే లేదా" అని మొదలెట్టాడు. ఇసుకలో గొయ్యి తీసి నిప్పుల మీద దించిన జర్బ్ పైకి తీసేదాకా ఆయన నోరు మూతపడలేదు. కోడి, పొట్టేలు మాంసం, బంగాళాదుంపలు, మూత తీయగానే పొగ వాసన. తర్వాత మాత్రం ఎముకలు కూడా వదల్లేదు.

భోజనాలయ్యాక ఏలకుల గావా, అదే అరబ్బుల కాఫీ. చిన్న కప్పులు, పిడి ఉండదు. తాగిన కొద్దీ పోస్తూనే ఉన్నాడు. డీజే అడిగినాయన మొహమాటానికి ఆరో కప్పు మింగుతున్నాడు. నేను మూడోదాని తర్వాత కప్పు అటూ ఇటూ ఊపి ఇచ్చేశా. గైడు ఆగి "ఎవరు నేర్పారు?" అన్నాడు.

మా కాక. జగిత్యాల దగ్గర మా ఊరు. డ్రైవర్ వీసా అని చెప్పి ఎవడో ఏజెంటు సౌదీ పంపితే, అక్కడ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒంటెల దగ్గర వదిలేశాడు. ఆరేళ్లు. అది విని గైడు జాలిపడలేదు. "ఎన్ని ఒంటెలు?" అని అడిగాడు. నేను నోరు తెరిచి ఊరుకున్నా. ఇన్నేళ్లలో కాకను నేనెప్పుడూ అడగలేదు. మా ఇంట్లో ఎవరం అడగలేదు. ఊళ్లో "ఒంటెలు కాసొచ్చినోడు" అని ఎగతాళి చేసినవాళ్లలో మేమూ ఉన్నాం.

వచ్చాక అడిగా. ముందు తిట్టాడు. "ఒంటె ఎక్కనీకి పైసలు గట్టి పోయినవారా? నాకు చెప్తే నేనే ఇసుకల కూసోబెడుదు గదా." తర్వాత మెల్లగా, "నూటిరవై. అన్నిటికీ పేర్లుండె" అన్నాడు. అవేంటో కొన్ని చెప్పాడు కూడా. ఇక్కడ రాయను, అవి ఆయనవి.

ఫోన్లో వీడియోలు చూపించా. కొండలు, చుక్కలు, జర్బ్ అన్నీ చకచకా జరిపేశాడు. పడుకునే ముందు గైడు ఒంటె ముందరి కాళ్లకు బంధం వేసే వీడియో దగ్గర మాత్రం ఆగాడు. మేయడానికి కదలాలి, దూరం పోకూడదు, అందుకే ఆ తాడు. కళ్లద్దాలు పైకి జరిపి రెండుసార్లు చూశాడు.

"తాడు వదులుగనే గట్టిండు. మంచోడే."