ఇంట్లో రెండు డ్యూటీలు

మహిళలకు పెద్దఎత్తున వర్క్ ఫ్రమ్ హోమ్ అవకాశాలు తెస్తామని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. బిడ్డ పుట్టాక ఉద్యోగం మానేసి, ఇంజినీరింగ్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టేసిన ఆడవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది. వాళ్లకు ఇది మంచి కబురే. కానీ ఇల్లే ఆఫీసు అయితే ఇంటి చాకిరీ తగ్గుతుందా?

కేంద్రం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ 88 కూడా అంతో ఇంతో పని అందుకునే మగవాళ్ల లెక్కే. వంటింటి గడప తొక్కనివాళ్లు అందులో లేనేలేరు.

చెన్నైలో డేటా ఎంట్రీ ఉద్యోగులను లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరికి ఇంట్లో, కొందరికి ఆఫీసులో పని ఇచ్చి ఆర్థికవేత్తలు గమనించారు. ఇంట్లో చేసినవారి ఉత్పాదకత 18 శాతం తక్కువగా తేలింది. ఇంటి నుంచే చేస్తామని కోరుకున్నవారిలో ఆ తేడా ఇంకా ఎక్కువ, 27 శాతం. పిల్లలు, ఇంటి బాధ్యతలు ఉన్నవాళ్లు ఆఫీసుకు రాలేక ఇంటిని ఎంచుకోవడం దీనికి కొంత కారణం. వీళ్లను బద్ధకస్తులనడం అన్యాయం. షాంఘైలో ఒక ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్‌లో ఇదే ఏర్పాటుతో పనితీరు 13 శాతం పెరిగింది. అయితే అక్కడ ఇంట్లో విడిగా గది ఉన్నవారికే ఆ అవకాశం ఇచ్చారు, వారానికి ఒకరోజు ఆఫీసుకు రప్పించారు. అయినా ప్రయోగం ముగిశాక, ఒంటరితనం భరించలేక చాలామంది ఆఫీసుకే తిరిగి వచ్చేశారు. డబుల్ బెడ్‌రూమ్ ఇంట్లో అత్తమామలు, ఇద్దరు పిల్లలు, టీవీ మధ్య ల్యాప్‌టాప్ తెరిచే కోడలికి ఆ గది ఎక్కడిది?

పైగా రాత్రి తొమ్మిదికి వచ్చే 'చిన్న కాల్' ఒకటి. ఇంట్లోనే ఉన్నావుగా అని ఇటు మేనేజరూ అంటాడు, అటు ఇంటివాళ్లూ అంటారు. ఈ టెన్షన్ ఏ టైమ్‌షీట్‌లోనూ కనిపించదు.

మండలాల్లో సైతం ఐటీ ఆఫీసు స్థలాలు వచ్చేలా ప్రోత్సహిస్తామని రాష్ట్ర ప్రభుత్వం చెబుతోంది. మా దృష్టిలో ముందు కావాల్సింది అదే. ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో కుర్చీ, నెట్, పక్కనే పిల్లల సంరక్షణ కేంద్రం ఉంటే చాలామందికి ఇంట్లో కూర్చోవాల్సిన అవసరమే రాదు. పని వేళలు దాటాక ఫోన్ ఎత్తకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017 నుంచి, ఆస్ట్రేలియా 2024 నుంచి చట్టబద్ధం చేశాయి. రాయితీలు అడిగే కంపెనీలతో రాష్ట్రం కనీసం లాగ్ ఆఫ్ సమయాన్నయినా ఒప్పందంలో రాయించాలి.