తిప్పు నాన్నా!

వయొలిన్ వాయించేవాళ్లు తమ పెట్టె తామే భుజాన వేసుకుని తిరుగుతారు. వయొలిన్‌కి పెద్దన్నలాంటి చెల్లో వాయించేవాళ్లయితే విమానంలో దానికి పక్కసీటు టికెట్టు కూడా కొంటారు. పియానో వాళ్లకి ఆ భాగ్యం లేదు. కచేరీల్లో పెట్టే పెద్ద పియానో తొమ్మిదడుగుల పొడవు, 500 కిలోలకి కాస్త తక్కువ బరువు. కాబట్టి మా అన్నయ్య కూతురు ఏ ఊరెళ్లినా ఆ ఊళ్లో ఏది ఉంటే దాంతోనే కాపురం. ఒకచోట వేళ్లతో నొక్కే మెట్లు రాయిలా బిగుసుకుని ఉంటాయి, ఇంకోచోట పెడల్ నొక్కితే కిర్రుమంటుంది. పియానో విద్వాంసుల్లో హొరొవిట్జ్ అంతటివాడు గనక సొంత పియానోని ఊరూరా తిప్పుకున్నాడు. జిమెర్మాన్ కూడా అలాగే తీసుకెళితే, 2001 దాడుల తర్వాత న్యూయార్క్ విమానాశ్రయంలో జిగురు వాసన తేడాగా ఉందని దాన్ని నాశనం చేసేశారట. ఈ కథ విన్నాక మా వదిన, "పోన్లే, మనమ్మాయి జోళ్లు మాత్రమే మోసుకెళ్తుంది" అని ఊపిరి పీల్చుకుంది.

నిజంగానే జోళ్లే. గుడ్డసంచిలో పల్చటి అడుగున్న నల్ల జోళ్లు, చుట్టచుట్టిన నల్ల గౌను, గోళ్ల కత్తెర, రెండు అరటిపళ్లు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో మెండెల్‌సన్ అనే స్వరకర్త 1843లో పెట్టిన సంగీత విద్యాలయంలో చదువుతోంది. వారంలో సగం రైళ్లలోనే ఉంటుంది.

మొన్న ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర చిన్న ఊళ్లో ఆదివారం కచేరీ ఉందని మా ఇంట్లో దిగింది. అప్పటికే రాజమండ్రి నుంచి అన్నయ్యా వదినా వచ్చి ఉన్నారు. కూతురు సాధన చేస్తుంటే చూడ్డం అన్నయ్యకి అదే మొదలు. మావాడు మోజుపడి కొనిపించి వదిలేసిన డిజిటల్ పియానో ముందు పిల్ల హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. చెమటలు కారేలా వాయిస్తోంది, బయటికి మాత్రం టకటకమని మెట్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. అన్నయ్య కాసేపు చూసి నా దగ్గరికొచ్చి, "ఒరేయ్, పాడైపోయినట్టుంది, చెప్పొచ్చుగా దానికి" అన్నాడు గుసగుసగా.

ఇక్కడ పొరుగువాళ్లకి చప్పుడు పడదని, అందుకే హెడ్‌ఫోన్లని చెప్పాను. 2018లో ఓ ట్రంపెట్ విద్వాంసుడి మీద పక్కింటివాళ్లు వేసిన కేసు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. ఇంట్లో వాయించుకోడానికి మామూలు రోజుల్లో రెండు మూడు గంటలు, ఆదివారాలూ సెలవుల్లో ఒకటి రెండు గంటలు అని కోర్టు ఓ లెక్క చెప్పింది. మా పిల్లకి ఆ రెండు మూడు గంటలు వేళ్లు వేడెక్కడానికే చాలవు.

హెడ్‌ఫోన్లు తీయించి వినిపించుకున్నాక అన్నయ్య అనుమానం ఇంకోవైపు తిరిగింది. "ఆ నాలుగు ముక్కలే ఎన్నిసార్లమ్మా? మిగతాది రాదా?"

"సరళీ వరసలు అనుకో నాన్నా" అంది అది, మళ్లీ మొదటికెళుతూ.

ఆదివారం వాయించాల్సింది బ్రామ్స్ అనే జర్మన్ స్వరకర్త రాసిన జి మైనర్ పియానో క్వార్టెట్, అంటే పియానోతో పాటు మూడు తీగవాద్యాలు కలిసి వాయించేది. 1861లో హాంబర్గ్‌లో మొదటిసారి వాయించినప్పుడు పియానో దగ్గర ఆ కాలపు మేటి విద్వాంసురాలు క్లారా షూమాన్ కూర్చుంది. ఒంటరిగా వాయించేటప్పుడు స్వరాల పుస్తకం చూడకుండా వాయించడం పియానో వాళ్ల ఆచారం. నలుగురూ కలిసి వాయిస్తే మాత్రం పుస్తకం ఉంటుంది. అందులోనూ ఓ అన్యాయం ఉంది. తీగవాద్యాల వాళ్లకి ఎవరి వరస వాళ్లకే అచ్చేస్తారు. పియానో పుస్తకంలో తన రెండు వరసలతో పాటు పైన ఆ ముగ్గురివీ ఉంటాయి. దాంతో చెల్లో ఆయన నింపాదిగా ఓ పేజీ తిప్పేలోపు పియానో పిల్ల నాలుగు తిప్పాలి, రెండు చేతులకీ పని ఉండగా. ఈ కాలం వాళ్లు టాబ్లెట్ పెట్టుకుని, కాలితో నొక్కితే బ్లూటూత్‌లో పేజీ మారే పెడల్ వాడతారు. అదీ దగ్గరుంది. సంచిలో జోళ్ల కింద నలిగి రైల్లో ఉన్నంతసేపూ ఆన్‌లోనే ఉండిపోయిందో ఏమో, కచేరీ ముందు చూస్తే చార్జింగ్ సున్నా. నీలం అట్ట పుస్తకం బయటికొచ్చింది. పేజీలు తిప్పేవాళ్లు కావాలి.

నాకు సంగీతం రాదు. ఆ మాటకొస్తే అన్నయ్యకీ రాదు. అయినా ఆయన ముందుకొచ్చి, "కాగితాలు తిప్పడమేగా, ముప్పయ్యేళ్లు బ్యాంకులో క్యాషియర్‌గా చేసినవాణ్ణి. చిన్న స్పాంజి గిన్నె దొరుకుతుందేమో అడగరా" అన్నాడు. స్పాంజి గిన్నె దొరకలేదు.

పిల్ల గబగబా నియమాలు చెప్పింది. ఎడంపక్కన కాస్త వెనగ్గా కూర్చోవాలి. లేచి ఎడంచేత్తో పైమూల పట్టుకుని తిప్పాలి. తన చూపుకి అడ్డం రాకూడదు. తాళం వెయ్యకూడదు. "నేను తల ఊపగానే తిప్పెయ్, అంతే నాన్నా."

అసలు గొడవంతా ఆ "అంతే"తో వచ్చింది. నలుగురు కలిసి వాయించేటప్పుడు పియానో వాళ్లు ఊరికే కూర్చోరు. మొదలుపెట్టడానికి ఓ ఊపు, వయొలిన్ అమ్మాయికి ఓ ఊపు, చెల్లోకి ఇంకోటి, రాగం బాగుందని తమకోసం ఒకటి.

మొదటి ఊపుకే అన్నయ్య లేచి, వేలు నాలిక్కి తడి చేసుకుని, కొత్త నోటు తీసినంత శుభ్రంగా పేజీ తిప్పేశాడు. అది వయొలిన్‌కి ఇచ్చిన సైగ. పిల్ల ఎడంచెయ్యి క్షణంలో పైకి లేచి పేజీ వెనక్కి కొట్టి మళ్లీ మెట్ల మీద వాలింది. జనానికి తెలీలేదు, తెలిసినా మర్యాదస్తులు. దాంతో అన్నయ్యకి నమ్మకం పోయింది. తర్వాత నిజంగా తల ఊపితే కదలకుండా, కనుబొమ్మలెత్తి "ఇదేనా?" అన్నట్టు చూస్తాడు. అవతల పేజీ అయిపోతోంది.

"తిప్పు నాన్నా!"

మూడో వరసలో ఉన్న నాకు స్పష్టంగా వినిపించింది. ఆ హాల్లో అది అర్థమయ్యేవాళ్లం అన్నయ్య కాక నేనూ, నా పక్కన దండం పెట్టుకుంటున్న వదినా.

అక్కణ్ణుంచి ఇద్దరికీ కుదిరింది, తల మానేసి నోటితో. నెమ్మదిగా సాగే మూడో భాగంలో "ఉండు, ఉండు... ఊఁ, ఇప్పుడు" అని బుజ్జగింపుగా. చివరి భాగం జిప్సీల ధోరణిలో పరుగో పరుగు. అక్కడ "తిప్పు... తిప్పు... అయ్యో అది కాదు, రెండొచ్చాయ్... ఆఁ, తిప్పూ!" అని బ్రామ్స్‌తో సమానంగా గోదావరి జిల్లా యాస. అన్నయ్య ఇక కూర్చోవడమే మానేశాడు. కుర్చీ వెనక పాత కౌంటర్ ముందు నిలబడ్డట్టు నిలబడి, వేలు తడి చేసుకుంటూ సిద్ధంగా ఉన్నాడు.

చప్పట్లు మోగాయి. పేజీలు తిప్పేవాళ్లు లేవకూడదు, వంగి నమస్కరించకూడదు. ఈ నియమం చెప్పడానికి పిల్లకి టైము చాలలేదు. నలుగురి పక్కన ఐదోవాడిగా అన్నయ్య రెండు చేతులూ జోడించి మూడు వైపులా తిరిగి నమస్కారం పెట్టాడు. చప్పట్లు పెరిగాయి.

బయట ఓ పెద్దావిడ పిల్ల చెయ్యి పట్టుకుని, పేరుమోసిన పియానిస్టు గ్లెన్ గూల్డ్ కూడా ఇలాగే వాయిస్తూ పాడేవాడని, ఈ అలవాటు ఎప్పటికీ వదులుకోవద్దని చెప్పింది. పాడిన భాష ఏమిటని కూడా అడిగింది. నిర్వాహకుడు మాత్రం అన్నయ్యనే వెతుక్కుంటూ వచ్చాడు. వచ్చేనెల ఇంకో పియానిస్టు వస్తున్నాడట, ఈయనకి ఖాళీ ఉంటుందా అని.

నేను తర్జుమా చేసి చెప్పాను. అన్నయ్య గడ్డం నిమురుకుని, "పేజీకెంతిస్తారో కనుక్కో" అన్నాడు.