వచ్చే జన్మకు ముందస్తు వసతి

పునర్జన్మను నమ్ముతామని చెప్పుకునే మనం ఇళ్లు మాత్రం మనవళ్ల కోసమే కడతాం. వచ్చే జన్మలో మన తల ఎక్కడ దాచుకోవాలో ఎవరికీ పట్టదు. ఈ విషయంలో ఫ్రాన్సు దేశపు బూర్బన్ డ్యూక్ లూయీ ఆంరీ గారిని మెచ్చుకోక తప్పదు. పోయాక తాను గుర్రమై పుడతానని ఆయన గట్టిగా నమ్మారని అక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. అందుకే దీపం ఉండగానే గుర్రపుశాల చక్కబెట్టుకున్నారు.

ప్యారిస్‌కు ఉత్తరాన ఉన్న షాంటిలీలో 1719లో పని మొదలైంది. వాస్తుశిల్పి జాఁ ఒబేర్. డబ్బుకు కొదవ లేదు. జాన్ లా అనే ఆర్థికవేత్త నడిపిన మిసిసిపీ కంపెనీ షేర్ల వ్యవహారంలో ఎందరో మునిగిపోతే డ్యూక్‌గారు గట్టెక్కడమే కాదు, గడించారు కూడా. శాల పొడవు 186 మీటర్లు. నడుమ గోపురం, లోపలి ఎత్తే 28 మీటర్లు. 240 గుర్రాలు, 150 వేటకుక్కలు ఉండేందుకు చోటు. మన గుమ్మాల మీద గజలక్ష్మిని చెక్కించినట్టు, సింహద్వారం పైన ఎగిసిపడే గుర్రాలను రాతిలో చెక్కించారు. గడ్డి నమిలే జంతువు తలెత్తి గోపురం చూస్తుందా అని అడిగేవారికి అసలు సంగతి తెలియదు. అది అప్పటి గుర్రాల కోసం కట్టింది కాదు, రాబోయే గుర్రం కోసం.

మధ్యలో 1723 నుంచి 1726 దాకా ప్రధానమంత్రిగిరీ కూడా వెలగబెట్టారు. రాజు పదిహేనో లూయీ పొమ్మన్నాక షాంటిలీకే చేరారు.

ఆయన దూరదృష్టి విలువ ఫ్రెంచి విప్లవం వచ్చాక గాని తెలియలేదు. షాంటిలీలో మనుషులుండే పెద్ద కోటను పడగొట్టారు. గుర్రపుశాలను మాత్రం పడగొట్టలేదు. ఏ ప్రభుత్వం వచ్చినా సైన్యానికి గుర్రాలు కావాలి కదా! కోటను 1870లలో మొదలుపెట్టి మళ్లీ కట్టుకోవలసి వచ్చింది. ఇప్పటికీ దూరం నుంచి చూసేవారు శాలనే కోట అనుకుంటారు. ఆ పొరపాటులో న్యాయం లేకపోలేదు.

డ్యూక్‌గారు 1740లో, 47 ఏళ్లకే కాలం చేశారు. గుర్రమై తిరిగివచ్చారో లేదో దస్తావేజుల్లో లేదు. వచ్చినా చిక్కే. తర్వాతి కాలపు వారసుడు ఒమాల్ డ్యూక్ 1886లో షాంటిలీ ఆస్తినంతా ఫ్రెంచి విద్వత్సంస్థకు దానం రాసిచ్చేశారు. 1982లో శాలలో గుర్రాల మ్యూజియం వెలిసింది. గోపురం కింద గుర్రాలు ఇప్పుడు టికెట్టు కొన్నవారి ముందు లయగా అడుగులేస్తాయి. సొంత ఇంట్లోనే డ్యూక్‌గారికి ఆట ఆడితే గాని దాణా దక్కదు. అంత ముందుచూపున్న పెద్దమనిషి, "నేను నాలుగు కాళ్లతో వచ్చేవరకు" అన్న ఒక్క ముక్క వీలునామాలో రాయించి, రిజిస్ట్రేషను చేయించుకుని ఉండవలసింది.