ఉత్తుత్తి అభ్యర్థిత్వం గారికి, ఎలుగుబంటి బాకీ విషయమై

మహారాజశ్రీ ఉత్తుత్తి అభ్యర్థిత్వం గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ ఓటర్లం ఎప్పటిలాగే ఉన్నాం. నవ్వించడానికే ఎన్నికల్లో నిలబడే ఆచారం కదా మీరు, మీ క్షేమం మీదే నాకు అనుమానంగా ఉంది.

నిన్న మధ్యాహ్నం ఒక గంట తగలేసి ఫోన్‌లో ఒక అభ్యర్థి ప్రసంగం చూశాను. అన్నీ ఉచితమట, పన్నులుండవట, ఖజానా మాత్రం పొంగిపొర్లుతుందట. మధ్యలో తన గుర్తేమిటో మర్చిపోయి వెనకవాణ్ణి అడిగాడు. అచ్చం మీ మనిషే అనుకుని కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వి, నలుగురికీ పంపాను. సాయంత్రం మా బావమరిది ఫోన్ చేశాడు: "బావా, అది కామెడీ కాదు. ఆయన నిజంగానే నిలబడ్డాడు."

మీకూ వాళ్లకూ తేడా తెలియడానికి ఒక దిష్టిచుక్కయినా పెట్టుకోవచ్చు కదండీ?

మీ పెద్దలకు ఆ మర్యాద ఉండేది. 1928లో హాస్యనటుడు విల్ రోజర్స్ ఒక హాస్య పత్రిక తరఫున అమెరికా అధ్యక్ష పదవికి నిలబడి, గెలిస్తే రాజీనామా చేస్తానన్నాడు. 1940లో అక్కడే హాస్యనటి గ్రేసీ అలెన్ సర్‌ప్రైజ్ పార్టీ పెట్టి కంగారూను గుర్తుగా పెట్టుకుంది. నవ్వించారు, ఇంటికెళ్లారు. ఫ్రాన్స్‌లో కొలూష్ అనే కమెడియన్ అధ్యక్ష పదవికి దిగి, సర్వేల్లో పది శాతం దాటి పెద్ద పార్టీలకు చెమటలు పట్టించి, 1981 పోలింగ్‌కు ముందే తప్పుకున్నాడు. సరే, అది ఆయనిష్టం.

నా బాధల్లా ఎలుగుబంటి.

బ్యాంకులు కుప్పకూలిన ఐస్‌లాండ్‌లో, 2010లో యోన్ గ్నార్ అనే కమెడియన్ బెస్ట్ పార్టీ పేరుతో రాజధాని రెయిక్యవిక్ నగర ఎన్నికల్లో దిగాడు. ఈతకొలనుల్లో ఉచిత తువ్వాళ్లు, జూకి ఒక తెల్ల ఎలుగుబంటి. ఇచ్చిన మాటలు నిలబెట్టుకోబోమని కూడా ముందే చెప్పేశారు. 15 సీట్లలో 6 గెలిచి, ఆయన మేయరయ్యాడు. 2014 దాకా ఉండి, మళ్లీ పోటీ చెయ్యకుండా వెళ్లిపోయాడు. ఎలుగుబంటి రాలేదు.

ఆ ఊళ్లో నాకు ఓటు లేదు, చుట్టాలు లేరు. మామూలు నాయకులు ఎగ్గొట్టినవాటికి ఏనాడూ ఉత్తరం ముక్క రాయలేదు. ఈ ఎలుగుబంటి మాత్రం నన్ను వదలదు. ఎగ్గొడతామని ముందే చెప్పి, చెప్పినట్టే ఎగ్గొట్టారు. అంత నికార్సయిన మాట నాకు ఇంకే పార్టీ ఇవ్వలేదు, అందుకే నమ్మాను. బోను ఎంతుండాలి, రోజుకి ఎన్ని చేపలు తింటుంది అని కూడా ఆలోచించాను, తెలుసా?

ఇక గ్వాటెమాలా సంగతి. టీవీ హాస్యనటుడు జిమ్మీ మొరాలెస్ "అవినీతిపరుణ్ణీ కాను, దొంగనీ కాను" అంటూ 2015లో అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. ఐక్యరాజ్యసమితి అండతో పనిచేస్తున్న అవినీతి వ్యతిరేక కమిషన్ ఆయన ఎన్నికల నిధుల మీదే కన్నేసేసరికి, దాని గడువు పొడిగించనన్నాడు. 2019లో అది మూతపడింది. ఆయన సీరియస్‌గానే పోటీ చేశాడు, మా లెక్కలోకి రాడు అంటారు మీరు. ఏం రాడు? నవ్వించినవాడు ముంచడన్న నమ్మకం ఎవరిది? మీ తాతలు సంపాదించిందది. దాన్ని వాడుకుని ఓట్లు దండుకుంటుంటే నోరు మూసుకుని కూర్చున్నారు. సిగ్గుండాలి!

క్షమించాలి, కాస్త ఆవేశపడ్డాను.

ఇందాక ఆ ప్రసంగం మళ్లీ చూశాను. ఆయన గుర్తు ఇప్పటికీ గుర్తు రావట్లేదు. మీరెవరైనా ఈసారి బరిలో ఉంటే కబురు పెట్టండి.

ఇట్లు,
మీ పాత ఓటరు

తా.క.: తువ్వాళ్లు అక్కర్లేదు. ఎలుగుబంటి చాలు.