పెద్దబాపు బొటనవేలు

శనివారం రాత్రి దావత్. యాటకూర, బోటి, తలకాయ, వేయించిన కార్జం, వాటికి తోడు రెండు బీర్లు. మంచినీళ్ల గ్లాసు ముట్టనేలేదు. అర్ధరాత్రి దాటాక కుడికాలి బొటనవేలు మొదట్లో పోటు. తెల్లారేసరికి కణుపు ఎర్రగా ఉబ్బి నిగనిగలాడుతోంది. చెప్పుకుంటే కొత్త చుట్టాల ముందు పలచనవుతామని పెద్దబాపు పంచె కాస్త కిందికి దించి కుర్చీలో కూర్చున్నారు.

అప్పుడొచ్చింది కొత్త జంట, కాళ్లు మొక్కడానికి.

గౌట్ (రక్తంలో యూరిక్ యాసిడ్ పేరుకుని కీలు వాచే జబ్బు) వచ్చిన వేలి సంగతి తెలియనివాళ్ల కోసం: దుప్పటి అంచు ఆనినా ప్రాణం జివ్వుమంటుంది. ఫ్యాన్ గాలికి పంచె కొస ఊగి తగిలినా అంతే. ఈ కాలం పిల్లలు మోకాలి ఎత్తున గాల్లో చెయ్యి ఊపి లేస్తారు కదా అని పెద్దబాపు ధైర్యం. పెళ్లికొడుకు అలాగే ఊపాడు. పెళ్లికూతురు మాత్రం పద్ధతి గల ఇంటి పిల్ల. కూర్చుని, రెండు చేతులా పాదాలు పట్టుకుంది. వేళ్లతో సహా. అక్కడితో ఆగినా బాగుండేది, నుదురు కూడా ఆనించింది. ‘దీర్ఘ సుమంగళీ’ దాకా సవ్యంగానే వచ్చింది. ‘భవ’ రావలసిన చోట అక్షింతల పళ్లెం పైకి లేచింది. ఆయన నోట వచ్చిన మాట వియ్యంకుల ముందు అనేది కాదు.

వీడియో తీసే అతను తలెత్తకుండా, ‘సార్, లైట్ సరిపోలే, ఇంకొక్కసారి’ అన్నాడు.

ఇక చుట్టాల పంచాయితీ. టమాటా బంద్, పాలకూర బంద్, పప్పు అసలే వద్దు. కార్జం పేరు ఒక్కరెత్తితే ఒట్టు! 2004లో అచ్చయిన అమెరికా పరిశోధనలో 47 వేలకు పైగా మగవాళ్లను పన్నెండేళ్లు గమనించారు. మాంసం, చేపలు, రొయ్యలు ఎక్కువ తిన్నవాళ్లకు గౌట్ ఎక్కువగా వచ్చింది. ప్యూరిన్లు, అంటే ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు, ఉన్న కూరగాయల వల్ల పెరగలేదు. పాలు, పెరుగు బాగా వాడినవాళ్లలో తగ్గింది కూడా. అంటే పంచాయితీ తీర్పులో ముద్దాయి తప్ప అందరికీ శిక్ష పడింది.

పాపం, తప్పంతా యాటది కూడా కాదు. యూరిక్ యాసిడ్‌లో మూడింట రెండు వంతులు ఒళ్లే తయారుచేస్తుంది. కిడ్నీలు దాన్ని సరిగా బయటికి పంపకపోతే పేరుకుంటుంది. రక్తంలో డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే సూదుల్లాంటి స్ఫటికాలుగా మారి, ఒంట్లో చల్లగా ఉండే చోటు చూసుకుని, అంటే కాలి వేళ్ల దగ్గర, దిగబడుతుంది. బీరు రెండు రకాలుగా చెడ్డది: తనతో ప్యూరిన్లు తెస్తుంది, యూరిక్ యాసిడ్ బయటికి పోకుండా అడ్డుపడుతుంది. పెద్దబాపు బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ అనే మందు ఉంది, అదీ ఇలాగే అడ్డుపడుతుంది. ఆ మాత్రల అట్ట తిప్పి చూసినవాడు లేడు. జండూబామ్ రాసి వేలు లాగడానికి మాత్రం నలుగురు ముందుకొచ్చారు. అలా లాగకూడదు. కాలు ఎత్తులో పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట ఉంచి, డాక్టరు దగ్గరికి పోవాలి.

పోయేలోపే ఎవరో రక్తపరీక్ష చేయించారు. యూరిక్ యాసిడ్ 6.4. రిపోర్టులో ‘నార్మల్’. దాంతో గౌటే కాదు, దిష్టి అన్నారు. నొప్పి ఉన్న రోజుల్లో అంకె మామూలుగా కనబడటం కద్దు. తగ్గిన రెండు వారాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. ఈ ముక్క రిపోర్టు అడుగున ఒక్క వరుసలో అచ్చేస్తే లాబ్ వాళ్ల ఇంకు ఎంత అరిగిపోతుందో!

సాయంత్రం వియ్యపురాలు స్టీలు క్యారియర్ పంపింది. కీళ్లకు బలమట. మూత తీస్తే పాయా. కార్జమంత కాకపోయినా ఇందులోనూ ప్యూరిన్లు ఉంటాయి, ఉడికేటప్పుడు కొన్ని నీళ్లలోకి దిగుతాయి, మనం జుర్రుకునేది ఆ నీళ్లనే. ఇదంతా చెప్పేలోపే పెద్దమ్మ గిన్నె నింపేసింది.

‘తాగు. వద్దంటే ఆమె ఏమనుకుంటది? పొద్దున అన్నది చాలదా?’